రేడియేటరు శుభ్రత – ఇంటి పనియా, కార్ఖానా పనియా?

చదువు వేరు, చేతిపని వేరు అను భావము మన ఇండ్లలో ఇంకను పోలేదు. కారు చెడినచో కార్ఖానాకు పంపుట, పిల్లవాడు పుస్తకము ముందు కూర్చుండుట – ఇదియే మర్యాదయని పలువురు తల్లిదండ్రులు తలంచుచున్నారు. మేము ఈ అభిప్రాయముతో ఏకీభవింపజాలము. రేడియేటరును కడిగి క్రొత్త కూలెంటు పోయుట వంటి పని ఇంటియొద్దనే, తండ్రి చేతులతో, బిడ్డ కన్నుల యెదుట జరుగవలెనని మా విన్నపము.

మన హోసూరులో లారీలు, మోటారు సైకిళ్లు తయారగు కర్మాగారములు కలవు. మన విద్యార్థుల తండ్రులలో బాడుగ కార్లు, సరకుల బండ్లు నడిపి సంసారము నీడ్చువారును కలరు. ఎండవేళ కృష్ణగిరి దారిలో ఇంజను కాగిపోయి హెడ్ గ్యాస్కెట్ చెడినచో, మరమ్మతు ఖర్చుతోపాటు బండి నిలిచిన దినముల సంపాదనయు పోవును. కావున ఇది కారున్నవారి వేడుక కాదు. కొందరికి కూటి ప్రశ్న.

“మన ఊరిలో మంచు గడ్డకట్టదు గదా, బోరు నీళ్లు పోసిన చాలదా?” యని కొందరు అడుగుదురు. చాలదు. నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని గార కట్టుట ప్రతి తల్లియు ఎరిగినదే. ఆ గారయే రేడియేటరు సన్నని గొట్టములలో పేరుకొని, వేడిని బయటికి పోనీయదు. వట్టి నీరు లోహమును తుప్పు పట్టించును. కూలెంటులో ఇథిలీన్ గ్లైకాల్‌తోపాటు తుప్పును నిరోధించు రసాయనములుండును. కాలక్రమమున వాని శక్తి క్షీణించును. అందుచేతనే దానిని మార్చవలసి వచ్చుచున్నది. గడువు ఒక్కొక్క బండికి ఒక్కొక్క విధము; బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము.

ఇక మన పాఠము చూడుడు. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. సుమారు 900 మీటర్ల ఎత్తునున్న మన ఊరిలో 97 డిగ్రీలకే మరుగును. సగము గ్లైకాల్, సగము నీరు కలిపిన ద్రవము సముద్రమట్టమున సుమారు 107 డిగ్రీలవరకు మరుగదు. బిగించిన మూత లోపలి పీడనమును పెంచి, మరుగు స్థానమును ఇంకను పైకి నెట్టును. వంటింటి ప్రెషర్ కుక్కరు న్యాయమే ఇది. పీడనము, మరుగు స్థానము అను మాటలు బడిలో వల్లించిన బిడ్డ వానిని ఇంటి ముంగిట చూచినప్పుడు గదా చదువు సార్థకమగుట!

పని కష్టమైనది కాదు, కాని క్రమము తప్పరాదు. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారువరకు కొన్ని గంటలు ఆగవలెను; రాత్రి నిలిపి ఉదయము చేయుట మేలు. వేడిగా నున్నప్పుడు మూత తీసినచో, మరుగు ద్రవము ముఖముపైకి ఎగజిమ్మును. కొన్ని బండ్లలో ఇంజను ఆపినను ఫ్యాను తనంతట తాను తిరుగును. చేతులు దూరముగా నుంచవలెను. చల్లారిన పిమ్మట క్రింద వెడల్పైన తొట్టి పెట్టి, మూత తీసి, అడుగు బిరడా విప్పి పాత ద్రవమును వదలవలెను. బిరడా బిగించి, డిస్టిల్డ్ వాటర్ నింపి, మూత పెట్టి, లోపలి హీటరును వేడివైపు త్రిప్పి, ఇంజను బాగుగా వేడెక్కువరకు నడుపవలెను. వేడెక్కిన గాని థర్మోస్టాట్ తెరచుకొనదు; అది తెరచుకొనిన గాని నీరు అంతట తిరుగదు. మరల చల్లార్చి వదలవలెను. తేట నీరు వచ్చువరకు ఇట్లే చేయవలెను.

ఇచ్చట ఒక చిన్న లెక్క కలదు. ఎంత వదలినను కొంత నీరు ఇంజనులో మిగులును. బండి పరిమాణము 5 లీటర్లయినచో, ముందు చిక్కని కూలెంటు రెండున్నర లీటర్లు పోసి, పిదప డిస్టిల్డ్ వాటర్‌తో నింపిన సగపాలు సరిపోవును. ముందే నీరు కలిపి అమ్ము కూలెంటునకు మరల నీరు కలుపరాదు. రంగు చూచి కొనరాదు. ఒకే రంగున వేరువేరు రకములుండును. లోపలి గాలి పోవు విధము పుస్తకమున చూచి, మరునాడు చల్లని ఇంజనుపై తొట్టిలోని గీతల నడుమ మట్టము పరీక్షింపవలెను.

పాత కూలెంటు విషము; అందును తియ్యని విషము. కుక్కలు, పశువులు నాకును, పసిబిడ్డలు త్రాగుదురు. అది మూత్రపిండములను పాడుచేసి ప్రాణము తీయగలదు. దానిని కాలువలో పోయుటగాని, సోడా సీసాలో దాచుటగాని మహాపరాధమని మా దృఢాభిప్రాయము. పేరు వ్రాసిన డబ్బాలో మూతబిగించి, అట్టివానిని స్వీకరించు కార్ఖానాకు అప్పగింపవలెను. ఇంత ఓపిక లేనివారు ఈ పని ఇంటియొద్ద చేయకుండుటయే మంచిది.

బండి పుస్తకము ఇంగ్లీషున ఉండును. కార్ఖానా మాట తమిళముననో కన్నడముననో సాగును. ఆ రెండును మన పిల్లలు నేర్వవలసినవే. కాని ‘ఎందుకు’ అను ప్రశ్నకు సమాధానము వారికి తెలుగులో తెలిసియుండవలెను. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన మాకు ఇచ్చట స్పష్టమైన సంగతి ఒక్కటే: ఇంటి పనులలో పలుకని భాష పరీక్ష కాగితముపై ఎక్కువకాలము బ్రదుకదు. రేడియేటరును రేడియేటరనియే పిలువుడు, తప్పులేదు. అది పనిచేయు విధమును మాత్రము తెలుగున చెప్పుడు.

తల్లిదండ్రులారా, మీరు పని చేయుడు. బిడ్డచేత పుస్తకము చదివించి, లెక్క కట్టించుడు. విద్యార్థులారా, పెద్దలు దగ్గర లేనిదే మూత ముట్టకుడు. ప్రశ్నలు మాత్రము మానకుడు.