ఊపిరిని గొలువని వైద్యము

రక్తపుపోటును గొలువకయే మందు వ్రాయు వైద్యుని నేడు మన మంగీకరింపము. రక్తమునందలి చక్కెరను జూడకయే మధుమేహమని చెప్పువానిని నమ్మము. కాని పదియడుగులు వేయగనే రొప్పుచు వచ్చిన రోగికి వీపున స్టెతస్కోపు నానించి విని, ఒక ఎక్సురే తీయించి, దగ్గుమందు చేతికిచ్చి పంపివేయుట మాత్రము మనకు వింతగా దోచుట లేదు.

పారిసు వైద్యుడు లానెక్ 1816లో కాగితమును గొట్టముగ జుట్టి రోగి రొమ్ములోని చప్పుడు వినెను. నేటి స్టెతస్కోపు దాని సంతతియే. దానిని మేము చులకన చేయుట లేదు. పిల్లికూతలు వినవచ్చినచో నది విలువైన సూచనయే. అవి వినబడనంతమాత్రమున శ్వాసనాళములు బాగున్నవనరాదు. ఎక్సురే ఊపిరితిత్తుల యాకృతిని జూపును గాని గాలి యెంత వడిగ వెడలుచున్నదో చూపజాలదు. ఉబ్బసరోగి చిత్రము తరచుగ నిర్దోషముగనే యుండును.

గాలిని గొలుచు సాధనము స్పైరోమీటరు. లండనులో జాన్ హచిన్సన్ 1846లోనే రెండువేలకు పైగా మనుష్యుల ఊపిరి గొలిచి ఫలితములు ప్రకటించెను. రోగి నిండుగ గాలి పీల్చి, బలమంతయు బెట్టి తుదివరకు ఊదవలెను. ఆరోగ్యవంతుడైన వయోజనుడు ఊదిన గాలిలో సుమారు ముప్పాతిక భాగము తొలి సెకండులోనే వెలువడును. నాళములు బిగిసినవానికి ఈ పాలు తగ్గును. పిదప నాళములను సడలించు మందు పీల్పించి, సుమారు 15 నిమిషములు తాళి, మరల నూదింతురు. లెక్క బాగుగ మెరుగుపడినచో ఉబ్బసమను తలంపు బలపడును. అప్పటికిని నూటికి 70కి లోబడియే యున్నచో, రోగి పూర్వచరిత్రతో గలిపి చూచి, పొగవలనను ధూళివలనను క్రమముగ జెడిన ఊపిరితిత్తులని, అనగా సీఓపీడీ యని, వైద్యులు నిర్ణయింతురు. ఊదించువానికి శిక్షణ లేకున్న అంకెలు అబద్ధమాడును.

ఈ రెండవ వ్యాధి చుట్టలు, బీడీలు కాల్చు మగవారిదే యని పలువురు భ్రమపడుదురు. జన్మమున పొగాకు ముట్టని యిల్లాలు పిడకల పొయ్యి యొద్ద 30 ఏండ్లు కూర్చుండి దీని పాలగుచున్నది. ఆమెను "పొగ త్రాగుదువా?" యని యడిగి యూరకుండుట తగదు, "ఏ పొయ్యిమీద వండితివమ్మా?" యని యడుగవలెను. రెండు వారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయించుట విధి. క్షయ లేదని తేలినపిమ్మట ఆమె యెక్కడికి పోవలెను? ఇచ్చటనే మన వైద్యశాలలు పెక్కులు మౌనము వహించుచున్నవి.

మృగశిరకార్తె నాడు హైదరాబాదులో చేపమందునకై బారులుదీరు వేలాది జనులను జూచి నవ్వు విద్యావంతులు గలరు. ఆ మందు ఉబ్బసమును మాన్పునని శాస్త్రీయముగ రుజువు కాలేదు; మాకును దానియందు విశ్వాసము లేదు. అయినను, నవ్వుటకు ముందు, ఆ బారులోనివారిలో ఎందరి ఊపిరిని ఎవరైన నొక్కసారి గొలిచిరో విచారింపుడు.

2020-21 కరోనా కాలమున వ్రేలికి దొడుగు ఆక్సీజను మీటరు పల్లెలకును జేరెను. అది చాలదా యని కొంద రడుగవచ్చును. చాలదు. నాళములు ఎంతో చెడినను రక్తమునందలి ప్రాణవాయువు చాలకాలము సరిగనే కనబడవచ్చును. స్పైరోమీటరును నేడు అరచేతిలో నిముడునంతటిది దొరకుచున్నది. ప్రతి ఏరియా ఆసుపత్రికి నదియొకటియు, దానిని నడుపనేర్చిన మనిషియొకడును వలయును. ఇప్పటికి ఎన్ని యాసుపత్రులలో నది గలదో, గలచోట నెన్నింట పనిచేయుచున్నదో, ఉభయ తెలుగు రాష్ట్రముల ఆరోగ్యశాఖలు లెక్క ప్రకటింపవలెను.