కొట్టాల లెక్క ఎవరు రాస్తారు?

1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర రాజధాని పెనుకొండకు చేరింది. అప్పటి వైభవానికి గుర్తుగా గగన్ మహల్‌ను ఇప్పటికీ చూస్తున్నాం. ఆ మహలుకు రాళ్లు మోసినవాళ్లు రాత్రిపూట ఎక్కడ తలదాచుకున్నారో మాత్రం చదువుకున్నది లేదు. రాయి నిలిచింది, గడ్డి పోయింది. చరిత్ర కూడా రాయి పక్షమే వహించింది.

మన సీమలో గడ్డి ఇంటిని కొట్టం అంటాం. నడుమ నిట్రాడు, దాని మీద దూలం, ఇరుపక్కలా వాసాలు, వాటికి అడ్డంగా వెదురు దబ్బలు. కొండ మీద కోసుకొచ్చిన బోదను చూరు దగ్గర మొదలుపెట్టి వరస మీద వరసగా పైకి పరిచేవాళ్లు. పైన ఒకరు, లోపల ఒకరు ఉండి తాడు అందించుకుంటూ బిగించేవాళ్లు. ఆ తాడు చేని గట్టున కంచెగా పెరిగిన కత్తాళ నారే. హిందూపురం వైపు చెరకు పండేచోట చెరకు సోగ కూడా కప్పుకెక్కేది. కాస్త కలిగినవాళ్లది మట్టి మిద్దె: దూలాల మీద చవుడు మట్టి, వెలుతురుకు ఒక గవాక్షం. వాన తక్కువ కాబట్టి ఇక్కడ ఆ మిద్దె నిలబడింది. కోనసీమలో అయితే ఒక్క వానాకాలం ఆగేది కాదు.

అంటే ఇల్లు ఊరి చుట్టూ ఉన్న కొండలోంచి, చేలోంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల మారాకే ఇల్లూ మారింది. జొన్న, సజ్జ, కొర్ర వేసిన చేలల్లోకి వేరుశనగ వచ్చింది. దాని కట్టె పశువులకు మంచి మేత, కప్పుకు మాత్రం కొరగాదు. తర్వాత పక్కా ఇళ్ల పథకాలు, 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికొచ్చేసరికి పెనుకొండ చుట్టూ చేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. గడ్డికప్పు ఇప్పుడు హైవే దాబాలకు సింగారం.

దీనికి కన్నీళ్లు పెట్టనక్కర్లేదు. ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ ఎగిరితే వరసంతా బూడిదే. తేళ్లు, కారే చూరు సరేసరి. కొట్టంలో పుట్టి పెరిగినవాళ్లు మళ్లీ కొట్టం కావాలనరు, అనాలని మనం కోరనూ కూడదు.

మా ఫిర్యాదు వేరు. ధర్మవరంలో పట్టుచీర నేసే గుంత మగ్గానికి ఇంట్లోనే గుంత తవ్వాలి, పడుగు చాచేంత పొడవుండాలి. గట్టి వాన పడితే ఆ గుంతలోకి నీళ్లూరి పని ఆగిపోతుంది, నిజమే. ఆ బాధ తీర్చే ఇల్లు కట్టాల్సింది పోయి, 2020 నాటి పథకంలో పట్టణ పేదలకు సెంటు స్థలం, అంటే 48 గజాలు ఇచ్చారు. అందులో మంచం వేయాలా, మగ్గం దించాలా? కొట్టం కట్టినవాడు ముందు లోపల జరిగే పనిని చూసి గోడ లేపాడు. నేటి ప్లాను గీసేవాళ్లు కనీసం అదొక్కటీ నేర్చుకోవాలి.

బోద కప్పడం తెలిసినవాళ్లు, చవుడు పాళ్లు ఎరిగినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ కొండన ఏ నెలలో కోసేవాళ్లు, ఎన్నేళ్లకు కప్పు మార్చేవాళ్లు, ఏ ముడి ఎలా వేసేవాళ్లు అడిగి రాసి పంపండి. భాష దిద్దకండి, వాళ్లు చెప్పినట్టే రాయండి. అచ్చు వేసే పూచీ మాది.