శాలువాలకు దొరికిన డబ్బు

ముంబై పేటెంటు కార్యాలయం ఒకప్పుడు లోయర్ పరేల్‌లోని సన్ మిల్ కాంపౌండ్‌లో, తోడి ఎస్టేట్ మూడో అంతస్తులో ఉండేది. తరవాత ఆంటాప్ హిల్‌కు మారింది. వర్లి బీడీడీ చాళ్ల నుంచి ఆ లోయర్ పరేల్ ఆఫీసుకు నడిచే పోవచ్చు. మన ముంబై తెలుగువాళ్ల తాతలు మిల్లుల్లో సాంచాలు నడిపిన పేటలోనే, కొత్తగా కనిపెట్టిన యంత్రం మీద హక్కు ఎవరిదో తేల్చే ఆఫీసు నడిచింది. ఆ గేటు ముందు నుంచి రోజూ పోయినవాళ్లం. లోపల ఏం జరుగుతుందని ఒక్కనాడూ అడగలేదు. వేసవి సెలవుల్లో మన పిల్లల్లో ఒకరిని ఆ మెట్లెక్కించి, "అమ్మా, ఇక్కడేం చేస్తారో నేర్చుకుని రా" అని పంపలేదు. ప్రభుత్వాన్ని, కాలేజీల్ని తిట్టడానికి వేరే సభ పెట్టుకుందాం. ఇది మన లెక్క.

అలాంటి పని నేర్పే లా చదువు క్లాసు గదిలో పూర్తి కాదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సువారు కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సువారు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ అది ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. అంటే ప్రతి సెలవుల్లో ఏదో ఒక వకీలు ఆఫీసులోనో, కోర్టులోనో, పరిశోధన సంస్థలోనో కూర్చోవాలి. చాలాచోట్ల పైసా ఇవ్వరు. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్ కూడా జీతం లేనిదే. ఢిల్లీలో గది అద్దె, మెస్ బిల్లు, రైలు టికెట్టు ఇంటినుంచే రావాలి. చట్టం ముసాయిదా ఎలా తయారవుతుందో, ఒక మందుకు పేటెంటు ఎందుకిస్తారో, ఇంకో మందుకు ఎందుకు కాదంటారో నేర్పేవి ఆ సెలవులే. ఆ వేసవిని ఎవరి ఇల్లు భరించగలదో వాళ్ల పిల్లలే నేర్చుకుంటారు.

మన ఇళ్లలో వేసవికి వేరే పనులున్నాయి. పరీక్షలు అయిపోగానే దేవగిరి రైలెక్కో, బస్సెక్కో కరీంనగర్, జగిత్యాల, నల్లగొండ వైపు పోతాం. మేనబావ పెళ్లి, చిన్నమ్మ కూతురి పెళ్లి, బోనం, యాట. ఊరికి పోని మగపిల్లలు చీరల దుకాణంలోనో, క్యాటరింగులోనో రోజుకూలికి చేరతారు. ఆడపిల్ల ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. ఇవేవీ తప్పులు కావు. ఆ రెండు నెలల కూలి ఇంటికి అవసరమని తెలిసీ, ఆ కూలి మేమిస్తాం, నువ్వు పోయి చదువుకో అని చెప్పే సంఘం మనకు ఒక్కటీ లేకపోవడమే తప్పు.

అమెరికాలో లా కాలేజీల్లో నల్లజాతి విద్యార్థులు చాలా కొద్దిమందే ఉన్న రోజుల్లో, 1968లో, అక్కడి న్యాయవాదుల సంఘాలు, లా కాలేజీలు కలిసి 'క్లియో' అనే సంస్థను పెట్టాయి. లా కాలేజీలో చేరబోయే పేద పిల్లలకు అది ముందు వేసవిలోనే ఆరు వారాల శిక్షణ ఇచ్చింది. దాన్ని నిలబెట్టిన చేతుల్లో నల్లజాతి న్యాయవాదుల సంఘం చేయి కూడా ఉంది.

మన దేశంలోనూ ఆ పని చేసినవాడు ఒకడున్నాడు. షమ్నాద్ బషీర్ పేటెంటు చట్టంలో పండితుడు. నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు ముందు నిలబడి వాదన వినిపించిన అధ్యాపకుడు. ఆ కేసులో 2013 ఏప్రిల్ 1న పేటెంటు ఇవ్వకూడదని తీర్పు వచ్చింది. అంతకు ముందే, 2010లో, పేద పిల్లలను పెద్ద లా విశ్వవిద్యాలయాలకు చేర్చడానికి ఆయన 'ఐడియా' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. 2019లో చిన్న వయసులోనే పోయాడు. తొమ్మిదేళ్లపాటు అలాంటి మనిషి తలుపు తెరిచి కూర్చుంటే మన సభల ఎజెండాలో ఆయన పేరు ఒక్కసారీ రాలేదు.

చట్టం చదవగలిగినవాళ్లు మనలో లేనందుకు చెల్లించిన మూల్యం చూడండి. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో మనవాళ్లు వేలమంది రోడ్డున పడ్డారు. 1985లో కొత్త జౌళి విధానం వచ్చింది. 1991లో మిల్లు స్థలాలకు ఒక నియమం రాశారు: స్థలాన్ని మూడు వాటాలు చేసి నగరపాలికకు ఒకటి, గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు ఒకటి, యజమానికి ఒకటి. 2001లో దాన్ని సవరించారు. మొత్తం స్థలంలో ఇవ్వాల్సిన వాటాలు, ఖాళీగా ఉన్న భాగానికి మాత్రమే పరిమితమయ్యాయి. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఎకరాలకెకరాలు ఆ ఒక్క సవరణలో జారిపోయాయి. ఆ సవరణ వచ్చిన ఏడాది మనం దాన్ని చదవలేదు. మాల్ కట్టాక లోపలికెళ్లి ఫొటో దిగాం.

ఆవిష్కరణ మన కులవృత్తి నేతలోనే పుట్టినప్పుడూ అంతే. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం, చీర కోసం అమ్మ వేలసార్లు చేయి ఆడించడం చూడలేక ఆసు యంత్రం చేశాడు. 1999లో యంత్రం ఆడింది. పేటెంటు 2011లో వచ్చింది. మధ్యలో ఆయన చేయి పట్టుకున్నది పల్లె సృజన, జాతీయ ఆవిష్కరణల సంస్థ. మనలో చాలామందికి ఆయన పేరు 2019లో సినిమా వచ్చాకే తెలిసింది. సోలాపూర్ దుప్పటికి, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లవుతోంది. అక్కడి మరమగ్గాల మీద ఎక్కువగా ఉన్నది మన పద్మశాలీలే. ఆ గుర్తింపు వల్ల సాంచా నడిపేవాడి కూలి ఎంత పెరిగింది? ఒక విద్యార్థికి ఒక వేసవికి సరిపోయే పరిశోధన అది. ఆ ప్రశ్నను మనం మన పిల్లల చేతిలో పెట్టలేదు.

మనకు దారి తెలియదని చెప్పుకోవడానికీ లేదు. కామాఠిపురాకు పేరిచ్చిన మన పూర్వులు ఈ నగరాన్ని రాయి మీద రాయి పెట్టి కట్టారు. వాళ్లలో నుంచి ఎదిగిన కాంట్రాక్టర్లే జ్యోతిరావు ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక సమాజానికి ముంబైలో అండగా నిలిచారు. చదువుకు, అచ్చుకు డబ్బు పెట్టాలని వాళ్లకు తెలుసు. పరేల్ చాల్లో ఉండి చదివిన అంబేద్కర్ కొలంబియా పోయి వచ్చి, 1935లో ఇదే ఊళ్లో ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయన జయంతికి మనం ఏటా దండ వేస్తాం. ఆయనకు చదువు ఖర్చిచ్చిన బరోడా సంస్థానం చేసిన పనిని మాత్రం ఎవరమూ నెత్తికెత్తుకోలేదు.

దానికి బదులు కులానికొక సంఘం పెట్టుకున్నాం. హాలు కట్టాం, పెళ్లిళ్లకు అద్దెకిచ్చాం. వధూవరుల పరిచయ మేళాలు పెట్టాం. పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్న పిల్లలకు పెన్ను, ఫైలు, కార్పొరేటర్ చేతి మీదుగా ఒక ఫొటో. వేదిక మీద పెద్దలకు శాలువాలు. ఆ పిల్లలు పన్నెండో తరగతి తరవాత ఏమయ్యారో కనుక్కోలేదు. లా చదువుతానన్న పిల్లకు "కోర్టుల చుట్టూ ఆడపిల్ల ఎందుకమ్మా, బీకాం చేసి బ్యాంకు పరీక్ష రాయి" అని సలహా చెప్పింది మనమే. కామాఠిపురాలో పుట్టిన పిల్ల ఫారంలో చిరునామా రాయడానికి జంకితే, ఆ జంకు పోగొట్టాల్సింది పోయి, బంధువుల ఇంటి అడ్రసు ఇచ్చాం. ఇక మునిసిపాలిటీ ఊడ్పు పనివాడి కొడుకు మన స్కాలర్‌షిప్ ఫారం అడిగితే ముందు ఏ కులమని అడిగాం. తెలుగువాళ్లమంతా ఒకటే అన్న మాట ఉగాది స్టేజీ దిగగానే మరిచిపోయాం.

2025 ఆగస్టు 14న వర్లి బీడీడీ చాళ్లలోని 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళంచెవులు ఇచ్చారు. 160 చదరపు అడుగుల ఖోలీ పోయి 500 చదరపు అడుగుల ఫ్లాటు వచ్చింది. సంతోషమే. ఫ్లాటుతో పాటు సొసైటీ నియమావళి, మెయింటెనెన్స్ లెక్కలు, వారసత్వ పత్రాలు వచ్చాయి. కామాఠిపురా వంతూ వస్తోంది. ఆ కాగితాల్లో ఎక్కడ ఏ సవరణ జరుగుతోందో చూడగలిగినవాళ్లు మన ఇళ్లలోంచి రాకపోతే 2001 మళ్లీ జరుగుతుంది, మనం మళ్లీ అయ్యాకే తెలుసుకుంటాం.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతి సంఘమూ తన పద్దు పుస్తకం తెరవాలి. శాలువాలు, మెమెంటోలు, మైకు సెట్టు, భోజనాల కింద గత ఏడాది రాసిన మొత్తం చదవాలి. ఒక విద్యార్థికి ఒక వేసవి గది అద్దె, భోజనం, రానుపోను టికెట్టు, ఇంటికి రావాల్సిన కూలి కలిపి పక్కన రాయాలి. కులం అడగకుండా ఒకరిని ఎంచి పంపాలి. ఇన్నేళ్లూ డబ్బు లేక ఆగామని చెప్పుకుంటూ వచ్చాం. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక ఆ మాట చెప్పడానికి మనకు నోరు రాకూడదు.