ఇంటి ముచ్చట్లు: బిల్లు లేని బెల్టు

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "మా వారు క్రిందటేడు 2013 నాటి ఇన్నోవా డీజిలు కారు ఒకరి దగ్గర కొన్నారు. ఇప్పటికి 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. మాఘమాసంలో అత్తగారినీ మామగారినీ పిల్లలనీ తీసుకుని తిరుపతి వెళదామనుకుంటున్నాం. టైమింగ్ బెల్టు మార్చాలని మెకానిక్కు అన్నాడు. బండి బంగారంలా నడుస్తూంటే దాని పొట్ట కోయించడం దేనికి, దీపమైనా వెలగలేదు గదా అంటారు మా వారు. ఆ డబ్బు మా అమ్మాయి ఫీజుకని చీటీ పాడి తెచ్చినది. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు మా వదిన జ్ఞాపకం వచ్చింది.

2018లో మా అన్నయ్య ఒక డీజిలు కారు, రెండో చేతిది, కొన్నాడు. బేరం కుదిరిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. అమ్మినాయన పెద్దమనిషి తరహాగా, "టైమింగ్ బెల్టు ఈ మధ్యనే మార్పించానండీ, మీకు అయిదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. వదిన తలుపు చాటునుంచే, "ఏమండీ, మార్చిన బిల్లు ఏదీ?" అంది. అన్నయ్యకు కోపం వచ్చింది. "అంత మనిషి అబద్ధమాడతాడటే?" అన్నాడు. వదిన మరి మాట్లాడలేదు.

మరుసటేడు మా మేనకోడలి సీమంతానికని అందరం బయలుదేరాం. కావలి దాటాక, పొలాల మధ్య, కారు ఒక్కసారి ఊపిరి ఆగినట్టు ఆగిపోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. అన్నయ్య తాళం తిప్పాడు. ఇంజను ఎప్పటికంటె తేలిగ్గా గిర్రున తిరిగింది గాని అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. అలా తిప్పడం పుండుమీద కారం చల్లడమేనని మాకు తర్వాత తెలిసింది. రెండు గంటలు ఎండలో నిలబడి, బండిని లాగించుకుని ఊళ్ళోకి చేరాం. సీమంతానికి అందలేదు. ఇంజను విప్పి చూస్తే బెల్టు పళ్ళు ఊడిపోయి ఉన్నాయి. వాల్వులు వంగిపోయాయి. అన్నయ్య కొడుకు కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు ఆ షెడ్డులో ఖర్చయింది. అంతా అయ్యాక కూడా వదిన, "నేను అడగలేదూ?" అని ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవడమే అన్నయ్యను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంతకీ ఆ బెల్టు చేసే పని ఏమిటి? ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు పోటు వేయడం మీరు చూసే ఉంటారు. ఒకరి రోకలి లేచినప్పుడు రెండవవారిది దిగాలి. లయ తప్పిందా, రోకలికి రోకలి తగులుతుంది. ఇంజనులో పిస్టను క్రిందనుంచి పైకి వస్తుంది. వాల్వు పైనుంచి క్రిందికి తెరుచుకుంటుంది. పిస్టన్లు త్రిప్పే ఇరుసు రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులు తెరిచే ఇరుసు ఒక చుట్టు తిరగాలి. ఈ లయ తప్పకుండా చూసేదే టైమింగ్ బెల్టు. రబ్బరుతో చేసి, లోపల గాజునార దారాలు వేసి, పళ్ళు పెట్టిన పట్టీ అది.

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ ఉండదు. గాలిని పదహారో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. అంచేత పిస్టను పైకి వచ్చినప్పుడు మీద ఖాళీ బహు స్వల్పం. బెల్టు తెగితే తెరిచి ఉన్న వాల్వును పిస్టను వచ్చి గుద్దుతుంది. ఫ్యాను బెల్టు తెగితే బండి ఆగుతుంది, కొత్తది వేసుకుని పోవచ్చు. ఈ బెల్టు తెగితే ఇంజనుకే ప్రమాదం. రెండింటి పేరూ బెల్టే కావడంవల్ల చాలామంది పొరబడతారు.

లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున, ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ లక్ష కిలోమీటర్లు పోతే, మొత్తం ఇరవై కోట్ల చుట్లు! రబ్బరు ఎంతకాలమని ఓర్చుకుంటుంది?

ఎప్పుడు మార్చాలన్నది ఇంజనును బట్టి ఉంటుంది. కొన్నిటికి 60,000 కిలోమీటర్లు, కొన్నిటికి లక్ష, కొన్నిటికి లక్షన్నర. బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్న అంకె మీకు ప్రమాణం. పక్కింటివారి బండి అంకె కాదు. ఆ పుస్తకంలో సంవత్సరాల గడువు కూడా ఉంటే రెండింటిలో ఏది ముందు వస్తే అదే గడువు. తిరగకుండా ఇంట్లో నిలబడ్డ బండికి కూడా రబ్బరు ముసలిదవుతుంది. మన ఎండలూ దుమ్మూ, ఇంజను నుంచి కారే నూనె దాన్ని ఇంకా తొందరపెడతాయి. అన్ని డీజిలు కార్లకూ ఈ బెల్టు ఉండదు. మారుతి స్విఫ్టు 1.3 లీటర్ల డీజిలుకూ, 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టాకూ ఇనుప గొలుసు. మీ పాత ఇన్నోవాకూ, రెనో డస్టరు 1.5 డీజిలుకూ, పాత ఇండికా డీజిలుకూ బెల్టు.

ఇక మీ వారు చెప్పే దీపం సంగతి. ఆ దీపం బెల్టును చూసి వెలగదు, తిరిగిన కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది. బెల్టు మార్చినప్పుడు దాన్ని మళ్ళీ మొదటికి తిప్పాలి. బెల్టు మార్చకుండా కూడా తిప్పవచ్చు! అంచేత చేతులు మారిన బండిలో దీపం వెలగకపోవడం సాక్ష్యం కాదు. బిల్లు ఒక్కటే సాక్ష్యం. "బండి బాగానే నడుస్తోంది" అన్నదీ సాక్ష్యం కాదు. మా అన్నయ్య బండి కూడా కావలి దాకా బాగానే నడిచింది.

కనుక అమ్మినవారిని బిల్లు అడగండి. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు ఉండి, గడువు మిగిలి ఉంటే నిశ్చింతగా వెళ్ళండి. బిల్లు లేకపోతే బెల్టు మార్చలేదనే అనుకుని, ప్రయాణానికి ముందే మార్పించండి. బెల్టుతోబాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరునూ, కప్పీలనూ మార్పించాలి. కొన్ని ఇంజన్లలో నీళ్ళ పంపును కూడా ఈ బెల్టే త్రిప్పుతుంది. అక్కడ పంపును కూడా అప్పుడే మార్చడం మేలు. కొత్త బెల్టుకు పాత కప్పీ వేస్తే, కొత్త చీరకు చిరుగు అంచు కుట్టినట్టే. గుర్తులు కలిపాక, తాళం తిప్పేముందు ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడమనండి. మంచి మెకానిక్కు మీరు చెప్పకముందే చేస్తాడు.

చీటీ డబ్బు కదా అని మీ మనసు పీకుతుందని నాకు తెలుసు. కాని బెల్టుకు అందులో కొంత పోతుంది. ఇంజను విప్పవలసివస్తే అంతా పోయి, అప్పు కూడా మిగులుతుంది. పైగా ముసలివాళ్ళతో, పసివాళ్ళతో నడిరోడ్డు మీద నిలబడడానికి ఖరీదు ఎవరు కట్టగలరు?

మార్పించాక బిల్లును బీరువాలో భద్రపరచండి. గ్యాసుబండ వచ్చిన తేదీ వేసుకునే కాలెండరు మీదే, బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్లు వేసుకోండి. రేపు మీరు ఆ కారు అమ్మేటప్పుడు, కొనవచ్చిన వారి ఇల్లాలు తలుపు చాటునుంచి "బిల్లు ఏదండీ?" అని అడిగితే, తీసి చేతికి ఇవ్వవచ్చు.