అరకులోయా? కొండకర్ల ఆవా?

విహారయాత్ర మాట వినబడగానే మన విద్యార్థులలో అధిక సంఖ్యాకులు అరకు పేరే తలుస్తారు. అందులో ఆశ్చర్యం లేదు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో సొరంగం వెంట సొరంగం దాటి, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయను చేరుకోవడం మరపురాని అనుభవం. నీరు సున్నపురాతిని యుగాల తరబడి కరిగించి మలచిన బొర్రా గుహలు భూగర్భశాస్త్రానికి ప్రత్యక్ష పాఠాలు.

అయితే మునగపాక చెంతనే ఉన్న కొండకర్ల ఆవను మనలో ఎందరు చూశారు? కొల్లేరు తరువాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సుగా పేరొందిన ఈ ఆవకు శీతకాలంలో దూరదేశాల పక్షులు వలస వస్తాయి. పొరుగునే ఉన్న మనం వెళ్లకపోవడం విచారకరం.

మరొక సంగతి. అరకు యాత్రకు ఖర్చు అధికం. తిరిగి ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. రుసుము చెల్లించలేని వారు, ఇంట అనుమతి లభించని విద్యార్థినులు మౌనంగా ఆగిపోతారు. సహాధ్యాయులను విడిచి వెళ్లే యాత్ర కళాశాల యాత్ర ఎలా అవుతుంది?

ఆవలో తిరిగే దోనె రెండు తాటిబోదెలను తొలిచి జతకట్టినది. ఒంటిబోదె ఒరిగిపోతుంది, జత కలిస్తేనే నిలుస్తుంది. ఉర్దూ, తెలుగు విద్యార్థులమైన మనకు వేరే ఉపదేశం అక్కరలేదు.

కనుక ఈ యేడు అందరమూ ఆవకు వెళదాం. అరకు యాత్రకు పేద విద్యార్థుల నిమిత్తం ముందుగానే నిధి సమకూర్చవలసిందిగా కళాశాల సంఘం వారికి మనవి.