దేశాంతర విశేషములు: పాఠశాల సంఘమునుండి శాసనసభకు

రాజకీయము లన్నంతనే మన యిండ్లలోని స్త్రీలకు రెండు తలంపులు కలుగుచుండును. అది మనకు సంబంధింపని సందడి యనునది మొదటిది. అది రాజధానులలో, పెద్ద మేడలలో, పెద్దవారి నడుమ జరుగు వ్యవహారమనునది రెండవది. మొదటి తలంపు సరికాదని మా చదువరులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంటికి వచ్చు నీరు, వీథిలో వెలుగు దీపము, పిల్లవాడు కూర్చుండు బడిబల్ల, ఇవి యన్నియు నెవరో కొందఱు ఒకచోట కూర్చుండి చేసిన నిర్ణయముల ఫలములే. రెండవ తలంపు సయితము నిలువదని చూపుటకై యీ నెల కెనడా దేశపు వృత్తాంతము నొకదానిని గైకొనుచున్నాము. పేట పాఠశాల సంఘములో సభ్యుడుగా మొదలిడి, రాష్ట్ర శాసనసభలో నూఱేండ్లకు పైబడిన యొక చట్టవాక్యమును తుడిపించిన లెనర్డ్ బ్రెయిత్‌వెయిట్ గారి వృత్తాంతమిది.

బ్రెయిత్‌వెయిట్ గారు 1923వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీని ఒంటారియో రాష్ట్రపు రాజధానియైన టొరాంటో నగరమున జన్మించిరి. తల్లిదండ్రులు కరేబియను దీవులనుండి వలసవచ్చిన నల్లజాతివారు. పలుదేశములనుండి వచ్చినవారు కాపురముండిన కెన్సింగ్టన్ మార్కెట్టు పేటలో ఆయన పెరిగిరి. రెండవ ప్రపంచయుద్ధము నడచుచుండగా వైమానిక దళమున చేరుటకు వెళ్ళిరి. నల్లవాడగుటచేత ఆయనను చేర్చుకొనక త్రిప్పిపంపిరి. మరల వెళ్ళిరి, మరల త్రిప్పిపంపిరి. ఇట్లు పలుమాఱులు జరిగి, తుదకు ఆ కార్యాలయపు అధికారి మాఱిన పిమ్మటనే ఆయనకు ప్రవేశము దొరకెను. తన్ను వలదన్న దేశముకొఱకే సముద్రము దాటిపోయి కొలువు చేసివచ్చిరి. యుద్ధానంతరము 1950లో టొరాంటో విశ్వవిద్యాలయమున వాణిజ్యశాస్త్ర పట్టమును, 1952లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వ్యాపార నిర్వహణ పట్టమును పొంది, 1958లో ఆస్‌గుడ్ హాలున న్యాయశాస్త్రమును ముగించి న్యాయవాదియైరి.

టొరాంటోకు పడమట ఎటోబికో యను ప్రాంతము కలదు. దాని పేరు ఆంగ్లములో వ్రాయునపుడు చివర నొక 'క' కారముండును గాని పలుకునపుడు వినబడదు. నేడది 1998నుండి టొరాంటో నగరములోని భాగము. ఆనాడు దానికి వేఱు పాలకసంఘము, వేఱు పాఠశాల సంఘము నుండెను. 1960లో బ్రెయిత్‌వెయిట్ గారు ఆ పాఠశాల సంఘమునకు ఎన్నికైరి. 1962లో పాలకసంఘమున ఆల్డర్మను, అనగా మన పురపాలక సభ్యునివంటి పదవి, పొందిరి. 1963 సెప్టెంబరులో జరిగిన యెన్నికలలో లిబరల్ పక్షమున నిలిచి రాష్ట్ర శాసనసభకు వెళ్ళిరి. కెనడాలోని యే రాష్ట్ర శాసనసభకైనను ఎన్నికైన నల్లజాతివారిలో ఆయనయే ప్రథములు.

ఆయనకు ముందు త్రోవ తీసినవారు లేకపోలేదు. అమెరికాలో బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన దంపతుల బిడ్డ విలియం హబ్బర్డ్ అనునాయన రొట్టెలు కాల్చు వృత్తినుండి పైకి వచ్చి, 1894లోనే టొరాంటో నగరపాలక సంఘమునకు ఎన్నికయ్యెను. పలుమాఱులు గెలిచి నగర వ్యవహారములలో పేరుపొందెను. కాని నగరసభనుండి శాసనసభకు గల ఆ కొంచెపు దూరమును ఆ జాతివారు దాటుటకు 1963వఱకు పట్టినది. తలుపు తెఱచియున్నదని వ్రాసియుంచుట వేఱు, ఆ గడప నొకరు దాటుట వేఱు.

ఇక ఆ చట్టవాక్యమును గూర్చి చెప్పెదము. పంతొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో బానిసత్వమునుండి పాఱిపోయి వచ్చిన నల్లవారు వేలకొలది నేటి ఒంటారియోలో స్థిరపడిరి. బ్రిటిషు రాజ్యమున బానిసత్వము 1834లోనే తొలగుటచేత అచ్చట వారికి సంకెల లేదు. కాని బడి మెట్లు ఎక్కబోగా వేఱు అడ్డంకి యెదురయ్యెను. 1850లో చేసిన పాఠశాలల చట్టములో ప్రొటెస్టంటులకు, రోమను కథోలికులకు, రంగుజాతివారికి కోరిక మీద వేఱు బడులు పెట్టవచ్చునని యొక యేర్పాటు కలదు. పైకి చూచిన నది కోరినవారికి చేసిన ఉపకారమువలె నుండును. జరిగినది వేఱు. తెల్లవారు అనేక గ్రామములలో దానిని ఆయుధముగా పట్టి, 'మీకు వేఱు బడి యున్నది గదా, అచ్చటికి పొండు' అని నల్లపిల్లలను సామాన్య పాఠశాలలనుండి త్రోసివేసిరి. ఒక తండ్రి న్యాయస్థానమున కెక్కగా, వేఱు బడి యున్నచోట నల్లపిల్లలు అందే చదువవలెనని 1854లో తీర్పు వచ్చెను. ఆ వేఱు బడులు ఎట్లుండెనో మా చదువరులు ఊహింపగలరు. ధనము తక్కువ, పుస్తకములు తక్కువ, దూరము మాత్ర మెక్కువ.

కాలక్రమమున ఆ బడులు ఒక్కటొక్కటిగా మూతపడెను. కాని చట్టములోని వాక్యము మాత్ర మట్లే నిలిచియుండెను. 1964 ఫిబ్రవరి 4వ తేదీని శాసనసభలో తొలి ప్రసంగము చేయుచు బ్రెయిత్‌వెయిట్ గారు దానిని వ్రేలు పెట్టి చూపిరి. అట్టి బడుల కాలము గతించినదనియు, ఆ యేర్పాటు చట్టమునుండి తొలగవలసినదనియు సభకు చెప్పిరి. అప్పటి విద్యామంత్రి విలియం డేవిస్ గారు ప్రభుత్వ పక్షమువారు, బ్రెయిత్‌వెయిట్ గారు ప్రతిపక్షమువారు. అయినను మఱుసటి నెలలోనే ఆ వాక్యమును తొలగించుటకు మంత్రి పూనుకొనిరి. ఎసెక్సు జిల్లాలోని దక్షిణ కోల్చెస్టరులో మిగిలియున్న చివరి నల్లవారి బడి 1965లో మూతపడెను.

వాడుకలోలేని వాక్యమును గూర్చి యింత శ్రమ యేల, దానంతట నదియే చచ్చియుండెను గదా, అని కొందఱు తలంపవచ్చును. మే మా మాట నొప్పుకొనజాలము. మూలనున్న కత్తిని ఎవరును వాడకపోయినను పసిపిల్లలున్న యింట దాని నట్లే యుంచుకొనము. ఆ దక్షిణ కోల్చెస్టరు బడియు 1965వఱకు నడచినది గదా! ఏకలవ్యుని కథ మనలో తెలియని దెవరికి? ద్రోణుడు పుట్టుకను జూచి విద్య నిరాకరించినపుడు ఆ నిరాకరణము ఒక గురువు నోటిమాట; ఆ గురువుతోనే అది గతించెను. ఒంటారియోలో నట్లుకాదు. నిరాకరించు అధికారము చట్టపుస్తకమున నెక్కి, గురువులు మాఱినను, తరములు మాఱినను, అది మాఱక నూటపదునాలుగేండ్లు నిలిచెను. నోటిమాట కన్న వ్రాత కాయు వెక్కువ. అందుచేతనే వ్రాతను తుడుచుట కొకరు లేచి నిలువవలసియుండును.

మఱియొక విశేషము. ఇది మన స్త్రీలోకమునకు మఱింత దగ్గఱిది. ఆ శాసనసభలో సభ్యులకు కాగితములు, మంచినీరు అందించుచు, ఒకరి చీటి నింకొకరికి చేర్చుచు బడిపిల్లలు కొలువు చేయుదురు. వారిని పేజీలందురు. చిన్నతనముననే రాజ్యవ్యవహారమును కన్నులార చూచు భాగ్యము వారిది. అయితే ఆ భాగ్యము మగపిల్లలకు మాత్రమే యుండెను. 1966లో బ్రెయిత్‌వెయిట్ గారు సభలో లేచి, ఆడపిల్లలకు నీ యవకాశ మేల యీయరాదని యడిగిరి. వెంటనే ఫలము కలుగలేదు. ఐదేండ్లు గడచి 1971లో తొలిసారి బాలికలు ఆ సభలో పేజీలుగా అడుగుపెట్టిరి.

ఇది చిన్నమాటయని త్రోసివేయరాదు. ఒంటారియో స్త్రీలకు శాసనసభా యెన్నికలలో ఓటుహక్కు 1917లోను, అభ్యర్థులుగా నిలుచు హక్కు 1919లోను వచ్చెను. కాని తొలి స్త్రీసభ్యులు ఆగ్నెస్ మెక్‌ఫెయిల్, రే లకాక్ అనువారు ఎన్నికయినది 1943లో. హక్కు చేతికి వచ్చిన యిరువదినాలుగేండ్లకు గాని ఒక్క స్త్రీయైన ఆ సభలో కూర్చుండలేదన్నమాట. ఏ సభలో తనవంటి ముఖము నొకదానినైన నెన్నడును చూడదో, ఆ సభలో కూర్చుండవలెనను కోరిక బాలికకు స్వప్నమందైనను రాదు. పండ్రెండేండ్ల పిల్ల నీటిగ్లాసు పట్టుకొని యా సభామధ్యమున నడచినచో, ఆ నేల తన కాళ్ళ క్రింద గట్టిగానే యున్నదని తెలిసికొనును. రంగుచేత గడపవెలుపల నిలువబడినవారు ఆడపుట్టుకచేత వెలుపల నిలువబడినవారిని మఱువకపోవుట మాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

బ్రెయిత్‌వెయిట్ గారు శాసనసభలో 1975వఱకు, అనగా పండ్రెండేండ్లు, ఉండిరి. ఆ కాలమంతయు ఆయన పక్షము ప్రతిపక్షముగానే యుండెను. మంత్రిపదవి రాలేదు, ఖజానా తాళపుచెవి చేతికి రాలేదు. ప్రతిపక్ష సభ్యునికి గలది ప్రశ్న యడుగు హక్కు ఒక్కటియే. దానితోనే పైపనులు నెఱవేఱినవి. 1975 యెన్నికలలో ఓడిపోయిరి. ఓడినవారు సాధారణముగా నొకచోట ముడుచుకొని కూర్చుందురు. ఆయన యట్లుగాక 1980 తరువాతి కాలమున ఎటోబికో నగరపు బోర్డ్ ఆఫ్ కంట్రోలున సభ్యులై, మొదలిడిన చోటికే తిరిగివచ్చి సేవచేసిరి. పెద్దసభలో కూర్చుండి వచ్చినవారికి చిన్నసభ చిన్నతనముగా తోపకపోవుట గొప్పగుణము. 1997లో దేశప్రభుత్వము ఆయనకు ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవము నిచ్చెను. 1999లో ఒంటారియో న్యాయవాదుల సంఘపు పాలకవర్గమునకు ఎన్నికైన తొలి నల్లజాతివారును ఆయనయే. 2012 మార్చి 28వ తేదీని, ఎనుబదియెనిమిదవ యేట, పరమపదించిరి.

ఆయన తెఱచిన తలుపుగుండా తరువాత పలువురు వెళ్ళిరి. 1968లో లింకన్ అలెగ్జాండర్ గారు దేశపార్లమెంటునకు ఎన్నికైన తొలి నల్లజాతివారైరి. 1972లో బ్రిటిష్ కొలంబియాలో రోజ్‌మేరీ బ్రౌన్ అనునామె కెనడా శాసనసభలలో అడుగిడిన తొలి నల్లజాతి స్త్రీ యయ్యెను. ఒంటారియోలో మాత్రము అట్టి స్త్రీ, ఉపాధ్యాయినియైన జనానా అకాండే గారు, శాసనసభకు ఎన్నికై మంత్రియగుటకు 1990వఱకు ఆగవలసివచ్చెను. బ్రెయిత్‌వెయిట్ గారు వెళ్ళినది మొదలు ఇరువదియేడేండ్లు! పురుషుడు గడప దాటిన వెంటనే స్త్రీయు దాటునని యెంచరాదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

ఈ వృత్తాంతమున మాకు తోచిన సారమిది. ఆయన చేసిన రెండు ముఖ్యకార్యములును పిల్లలకు సంబంధించినవే. ఒకటి బడి, రెండవది పేజీకొలువు. బడిని గూర్చిన చట్టములో నెచట ముల్లున్నదో పాఠశాల సంఘమున పనిచేసినవారికి తెలిసినట్లు ఇతరులకు తెలియదని మా యూహ. బడిపంతులు గారి యింటి యిల్లాలిగా మేమును ఎఱుగుదుము: హాజరుపట్టీలో పేరులేని పిల్ల యెవరు, ఏ పిల్ల యేల మానినది, ఏ గదికి కప్పు కాఱుచున్నది, ఇవి రాజధానికి తెలియుటకు ముందు పేటకు తెలియును. పేటలో తెలిసికొన్నవారు రాజధానికి వెళ్ళిననే యా మాట యచ్చటికి వెళ్ళును.

కావున సోదరీమణులు చిన్నసభలను చిన్నచూపు చూడకుందురు గాక. మీ యూరి పాఠశాల సంఘము కూడినపుడు తల్లులకు పిలుపు వచ్చినచో, పొయ్యిమీద పప్పు దించి యైనను వెళ్ళి కూర్చుండుడు. కూర్చుండి మౌనముగా తిరిగిరాకుడు. ఒక్క ప్రశ్నయైన అడుగుడు. బదులు వెంటనే రాకపోవచ్చును. ఒంటారియో బాలికలకు బదులు వచ్చుటకు ఐదేండ్లు పట్టినది. అడుగకున్నచో ఐదేండ్లకును రాకపోయెడిది.