బౌల్ విప్పకుండానే తీర్పా?

మా నాన్నగారి 1997 నాటి స్ప్లెండర్ ఈ వానాకాలం రెండు నెలలు మెట్ల కింద కదలకుండా ఉండిపోయింది. మొన్న తీస్తే చోక్ వేస్తేనే అంటుకుంటోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ తీసుకెళ్లాను. ఆ కుర్రాడు రెండు కిక్కులు కొట్టి, ‘కార్బొరేటర్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం, రెండున్నర వేలవుతుంది’ అన్నాడు. కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే బౌల్ అయినా విప్పలేదు. కార్బొరేటర్ పోవడమేమిటి? మాడిపోవడానికి అదేమైనా బల్బా? వారమంతా ఆ మాట నా చెవిలోనే ఉంది.

చోక్ మీద నడిచి, చోక్ తీస్తే ఆగే బండికి జబ్బు చాలావరకు ఒక్కటే: పైలట్ జెట్ మూసుకుపోవడం. ఐడ్లింగ్‌కి కావలసిన పెట్రోలు ఆ చిన్న ఇత్తడి ముక్కలోంచే వస్తుంది. కైహిన్ కంపెనీ జెట్ మీద 38 అని అంకె ఉందంటే దాని రంధ్రం 0.38 మిల్లీమీటర్లు. నాలుగైదు తలవెంట్రుకలు పట్టేంత సందు. నిలవ పెట్రోలు ఆవిరైపోగా అడుగున మిగిలే జిగురు దాన్ని మూసేయడానికి రెండు నెలలు చాలు. ఆ జిగురు కోసం పాతికేళ్లు దాటి పనిచేసిన కార్బొరేటర్‌ని తుక్కులో పడేసి, ఎవరు చేశారో తెలియని నకలు బిగించుకోవాలట.

ఇంటికి తెచ్చి వరండాలో పాత పేపర్లు పరిచి నేనే విప్పాను. ఒక కార్బ్ క్లీనర్ డబ్బా, పాత టూత్‌బ్రష్, కరెంటు వైరులోంచి లాగిన ఒక్క రాగి పోగు, సైకిల్ పంపు, పళ్లెం. వీటితోపాటు సరైన స్క్రూడ్రైవర్. దీని గురించి ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. జపాన్ కార్బొరేటర్ల స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి, కానీ అవి జేఐఎస్ అనే జపాన్ కొలతవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే మొన పైకి జారిపోతుంది, స్క్రూ తల అరిగిపోతుంది. మన ఊళ్లలో పాత బండి దేన్ని చూసినా బౌల్ స్క్రూలు బోడిగా అరిగి, ఉలి పెట్టి కొట్టిన గాట్లతో ఉండటానికి ముఖ్య కారణం ఇదే. కొన్ని వందల రూపాయల పనిముట్టు లేక, వేల రూపాయల వస్తువులు పాడవుతున్నాయి.

విప్పేటప్పుడు గాలి స్క్రూని ముందు లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసిపెట్టుకోవాలి. బౌల్‌లో పెట్రోలు మట్టాన్ని చూసే ఫ్లోట్ పిన్నుని బలంగా కొడితే అది కూర్చునే కొమ్ములు విరుగుతాయి. అవి విరిగితే మాత్రం కార్బొరేటర్ నిజంగానే పోయినట్టు. రబ్బరు రింగులన్నీ తీశాకే క్లీనర్ కొట్టాలి, లేకపోతే ఉబ్బిపోతాయి. జెట్‌లోకి గుండుసూది, పిన్నీసు అస్సలు వద్దు. ఇత్తడి మెత్తన, ఉక్కు దాన్ని గీరేస్తే రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది. రాగి పోగు చాలు. ఆ తర్వాత పంపుతో గాలి కొట్టి, జెట్‌ని వెలుతురుకి ఎదురు పట్టి చూస్తే గుండ్రటి చుక్క కనిపించాలి. నాకు మూడోసారికి కనిపించింది. ఇదంతా పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, ఆరుబయటే చేయాలి.

రాగి పోగు చేరని వంకర దారులు బాడీ లోపల ఉంటాయి. వాటికి అల్ట్రాసానిక్ క్లీనర్ ఉంది. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి కార్బొరేటర్‌ని ముంచితే, సెకనుకు 40 వేల సార్లు వచ్చే కంపనాలకు నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ మురికిని ఊడగొడతాయి. పది నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు చాలు. గంటలకొద్దీ వదిలేస్తే లోహం నల్లబడుతుంది. చిన్న మిషను ఐదారు వేల నుంచి దొరుకుతోంది. ఒక అపార్ట్‌మెంట్లో పదిమంది కలిసి కొనుక్కుంటే ఒక్కొక్కరికి ఐదారు వందలు. వినాయక చవితి చందా అంత కూడా కాదు.

ఆ కుర్రాణ్ణి తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకప్పుడు నేను చూసిన మేస్త్రీలు చెవితోనే ట్యూనింగ్ చేసేవారు. వీడికి ఆ విద్య నేర్పిన వాళ్లు లేరు. పైగా విప్పి కడిగితే వంద ఇవ్వడానికి మనం బేరమాడతాం, కొత్తది వేస్తే మారుమాట్లాడకుండా రెండున్నర వేలు ఇస్తాం. వస్తువుల్ని బాగుచేయించుకునే హక్కు కోసమంటూ కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. నేనేమో ఒక్క జెట్ అడిగితే, విడిగా లేదు, మొత్తం అసెంబ్లీ తీసుకోండన్నారు షాపులో.

అసలు కోపం పెట్రోలు మీద. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మన మోటార్ సైకిళ్లు దాదాపు అన్నీ కార్బొరేటర్‌వే. 2018-19 ఒక్క ఏడాదిలోనే 2 కోట్లకు పైగా ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. వాటిలో చాలా బండ్లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో పోస్తున్నది 20 శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. లీటరుకు లీటరు చూస్తే దానిలో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. కొత్త బండ్లలో కంప్యూటరు ఆ తేడాను సర్దుకుంటుంది. 0.38 మిల్లీమీటర్ల రంధ్రం ఎలా సర్దుకుంటుంది? చెరకు రైతుకు నాలుగు డబ్బులు వస్తే నాకు సంతోషమే. కానీ పాత బండికి పాత పెట్రోలు పోసే గొట్టం బంకుకి ఒక్కటి ఉంచడానికి అడ్డేమిటి? ధర అయినా తగ్గించారా?

బండి స్టార్టయింది. మొదటి కిక్కుకే, చోక్ లేకుండా. నేరుగా బంకుకి వెళ్లి, ఇథనాల్ తక్కువున్నది ఏదైనా ఉందా అని అడిగాను. ‘అందరికీ ఇదే సార్’ అన్నాడు బంకులో అబ్బాయి. అదే పోయించుకుని వచ్చాను. ఇప్పుడు రెండు రోజులు తీయననుకుంటే పెట్రోల్ కాక్ మూసి, బౌల్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఉన్న కాస్తా సీసాలోకి వంపేస్తున్నాను.